వాతావరణ మార్పుపై పరిశోధన: భౌతిక విజ్ఞానమా, ప్రభావాల అధ్యయనమా, విధానమా? గంజాం, గజపతి ప్రాంత విద్యార్థులకు ఒక పోలిక

దక్షిణ ఒడిశాలోని బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు కుటుంబాల నుంచి వచ్చి ఎం.ఎస్సీ. లేదా ఎం.ఏ. చివరి సంవత్సరంలో ఉన్న పిల్లలు కొందరు ఏటా నా దగ్గరకు వచ్చి, వాతావరణ మార్పు మీద పిహెచ్‌డి చేయాలనుకుంటున్నామని చెబుతారు. ఏ విభాగంలో అని అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే బయటినుంచి చూసేవారికి అది ఒకే శాస్త్రంలా కనిపిస్తుంది. లోపలికి వెళ్లాక తెలిసేది ఏమిటంటే, ఆ ఒక్క పేరు కింద మూడు వేర్వేరు చదువులు, మూడు రకాల రోజువారీ పనులు, మూడు రకాల ఉద్యోగ మార్గాలు ఉన్నాయి. తప్పు మార్గంలో చేరిన విద్యార్థి రెండేళ్ల తరువాత గాని ఆ సంగతి గ్రహించడు. అప్పటికి ఫెలోషిప్పులో చాలా భాగం గడిచిపోయి ఉంటుంది. ఆ నష్టం జరగకముందే పోల్చి చూసుకోవడానికి ఉపయోగపడాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఈ మూడు మార్గాల విభజన నేను కల్పించినది కాదు. ప్రపంచ వాతావరణ సంస్థ, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం కలిసి 1988లో ఏర్పరచిన ఐపీసీసీ (వాతావరణ మార్పుపై పరిశోధనలను సమీక్షించే అంతర్‌ప్రభుత్వ సంఘం) తన పనిని ఇలాగే పంచుకుంది. మొదటి బృందం వాతావరణం, సముద్రం, మంచు ఎందుకు, ఎంతగా మారుతున్నాయో చూస్తుంది. రెండవ బృందం ఆ మార్పు మనుషుల మీద, పంటల మీద, జీవజాతుల మీద చూపే ప్రభావాన్ని, దానికి తట్టుకుని నిలబడే మార్గాలను పరిశీలిస్తుంది. మూడవ బృందం ఉద్గారాలను, అంటే భూమిని వేడెక్కించే వాయువుల విడుదలను, తగ్గించే సాంకేతిక, ఆర్థిక, రాజకీయ మార్గాలను అంచనా వేస్తుంది. 2021 ఆగస్టులో వెలువడిన మొదటి బృందం నివేదికను 234 మంది శాస్త్రవేత్తలు, 14,000కు పైగా పరిశోధన పత్రాలను ఆధారం చేసుకుని రాశారు. 2011–2020 దశాబ్దంలో భూమి సగటు ఉష్ణోగ్రత 1850–1900 కాలంతో పోలిస్తే దాదాపు 1.1 డిగ్రీలు పెరిగిందని అందులో తేల్చారు. మీరు రాయబోయే సిద్ధాంత గ్రంథం ఈ మూడు బృందాలలో ఎవరు చదివి ఉపయోగించుకోదగినదో ముందుగా ఊహించుకుంటే, ఎంపికలో సగం స్పష్టత వచ్చేస్తుంది. విధానాల విషయంలో మాత్రం ఈ విభజనను యథాతథంగా పట్టుకోనక్కరలేదు. మన దేశంలో విధాన పరిశోధన అన్నప్పుడు ఉద్గారాల తగ్గింపుతోపాటు విపత్తు సహాయం, పునరావాసం, బడ్జెట్టు కేటాయింపులు కూడా దాని కిందికే వస్తాయి కాబట్టి, నేనూ ఆ విస్తృతార్థంలోనే వాడుతున్నాను.

భౌతిక విజ్ఞానం గురించి

భౌతికశాస్త్రం, గణితం లేదా వాతావరణశాస్త్రం చదివినవారికి, కంప్యూటరు ముందు గంటల తరబడి కూర్చుని ప్రోగ్రాములు రాయడం భారంగా అనిపించనివారికి ఈ మార్గం సరిపోతుంది. ఇక్కడ ప్రతిరోజూ చేసే పని ప్రధానంగా డేటాతోనే ఉంటుంది. భారత వాతావరణ శాఖ 1901 నుంచి దేశమంతటికీ రోజువారీ వర్షపాతాన్ని పావు డిగ్రీ గడులుగా, అంటే సుమారు 28 కిలోమీటర్ల పొడవున్న గడులుగా విభజించి ఉచితంగా అందుబాటులో ఉంచింది. ఉష్ణోగ్రత డేటా ఒక డిగ్రీ గడులలో 1951 నుంచి దొరుకుతుంది. పరిశీలనలనూ కంప్యూటరు నమూనానూ కలిపి గత వాతావరణాన్ని తిరిగి నిర్మించిన యూరపు వారి ఈఆర్ఏ5 అనే పునర్విశ్లేషణ డేటా 1940 నుంచి గంట గంటకూ లభిస్తుంది. వీటిని తెరిచి, శుభ్రం చేసి, పోల్చి, పటాలు గీయడానికి పైథాన్ లేదా ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష తప్పనిసరిగా రావాలి. అవి రాకుండా ఈ మార్గంలో చేరినవారు మొదటి ఏడాదంతా వాటిని నేర్చుకోవడంలోనే గడిపేస్తారు.

ఈ మార్గంలో ఉన్న గొప్ప ఆకర్షణ, సులభమైన జవాబును నిరాకరించే ప్రశ్నలు దొరకడమే. ఉదాహరణకు, బంగాళాఖాతంలో తుఫానులు పెరిగిపోయాయని మనలో ప్రతి ఒక్కరూ అనుకుంటారు. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో ప్రచురించిన అంచనా నివేదిక చెప్పేది దానికి భిన్నంగా ఉంది. 1951–2018 మధ్య ఉత్తర హిందూ మహాసముద్రంలో తుఫానుల మొత్తం సంఖ్య తగ్గింది, కాని 2000 తరువాతి రెండు దశాబ్దాలలో వర్షాకాలం ముగిశాక వచ్చే అతి తీవ్ర తుఫానుల సంఖ్య పెరిగింది. అదే నివేదిక ప్రకారం, 1901–2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత దాదాపు 0.7 డిగ్రీలు పెరిగింది, ఉష్ణమండల హిందూ మహాసముద్రపు ఉపరితల ఉష్ణోగ్రత 1951–2015 మధ్య సుమారు 1 డిగ్రీ పెరిగింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టి ఉంచగల తేమ దాదాపు 7 శాతం పెరుగుతుందన్నది భౌతిక నియమం. అయినా 1951–2015 మధ్య మన నైరుతి రుతుపవన వర్షపాతం దాదాపు 6 శాతం తగ్గింది. తేమ పెరిగినా వర్షం ఎందుకు తగ్గింది అన్న ప్రశ్న వినగానే మీలో ఉత్సాహం లేస్తే, పొగమంచులా కమ్ముకునే సూక్ష్మధూళి కణాల పాత్ర ఎంత, సముద్రం వేడెక్కడం పాత్ర ఎంత అని వెంటనే ఆలోచించడం మొదలుపెడితే, మీరు భౌతిక విజ్ఞానంలోనే ఉండాలి.

అయితే ఈ మార్గంలో మన ప్రాంతానికి ఉన్న పరిమితిని దాచకుండా చెప్పాలి. వాతావరణాన్ని లెక్కగట్టే ప్రపంచ కంప్యూటరు నమూనాలలో చాలా వాటి గడి సుమారు 100 కిలోమీటర్లు ఉంటుంది. అంత పెద్ద గడిలో గోపాలపురం సముద్రతీరమూ, పర్లాకిమిడి లోయా, 1,500 మీటర్ల మహేంద్రగిరీ ఒకే అంకెగా కలిసిపోయే అవకాశం ఉంది. 28 కిలోమీటర్ల గడి కూడా కొండ ఎత్తునూ లోయ లోతునూ వేరు చేయలేదు. కనుక “గజపతి జిల్లా భవిష్యత్ వర్షపాతం” వంటి శీర్షిక పెట్టుకుని నేరుగా ప్రపంచ నమూనాల ఫలితాన్ని జిల్లాకు అంటగట్టే పరిశోధనను నేను ప్రోత్సహించను. అలాగే, ఒక జిల్లా వర్షపాతం తీసుకుని మాన్–కెండాల్ అనే సంఖ్యాశాస్త్ర పరీక్ష చేసి, పెరుగుదల లేదా తగ్గుదల రేటు చెప్పే సెన్ వాలు లెక్కగట్టి, ధోరణి ఉందని లేదా లేదని చెప్పి ముగించే సిద్ధాంత గ్రంథాలు ఇప్పటికే దేశమంతా లెక్కకు మించి ఉన్నాయి. ఆ పరీక్ష పనిముట్టు మాత్రమే. ధోరణికి కారణం వెతకని పరిశోధనను పిహెచ్‌డి స్థాయి పనిగా అంగీకరించడం నాకు కష్టమే.

ఈ మార్గాన్ని ఎంచుకున్నవారు చదువు కోసం ఇల్లు వదలడానికి సిద్ధపడాలి. పుణెలోని భారతీయ ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ 1962 నుంచి పనిచేస్తోంది, అక్కడ 2018లో ప్రత్యూష్, 2024లో అర్క అనే సూపర్ కంప్యూటర్లు నెలకొన్నాయి. ఐపీసీసీ ఆరవ నివేదికకు ఆధారమైన నమూనాలలో ఆ సంస్థ తయారుచేసిన భూవ్యవస్థ నమూనా కూడా ఉంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, ఐఐటీ ఢిల్లీ, హైదరాబాదులో సముద్ర సమాచార సేవల కేంద్రమైన ఇన్‌కాయిస్ ఈ పనికి మంచి చోట్లు. దగ్గరలో కావాలంటే ఐఐటీ భువనేశ్వర్‌లో భూమి, సముద్ర, వాతావరణ విజ్ఞానాలకు ప్రత్యేక విభాగం ఉంది, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వాతావరణశాస్త్రంలో పాత సంప్రదాయం ఉంది.

విధాన పరిశోధన గురించి

గణితం అంటే భయపడి విధాన పరిశోధనను ఎంచుకునేవారు చాలామంది ఉన్నారు, వారి మీద ప్రేమతోనే ఈ మాట చెబుతున్నాను: అది సులభమైన మార్గం కాదు. ఒప్పందాలను, ప్రభుత్వ పత్రాలను చదివి సారాంశం రాయడం విధాన పరిశోధన అనిపించుకోదు. 2008లో కేంద్రం ఎనిమిది మిషన్లతో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించిందనీ, 2015లో పారిస్ ఒప్పందం కుదిరిందనీ, 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో మన దేశం 2070 నాటికి నికర శూన్య ఉద్గారాలు (వదిలినంతా తిరిగి పీల్చుకునే స్థితి) సాధిస్తామన్నదనీ, 2022 ఆగస్టులో 2030 నాటికి ఉద్గార తీవ్రతను, అంటే జాతీయోత్పత్తిలో ప్రతి రూపాయికి వెలువడే ఉద్గారాలను, 2005 స్థాయి నుంచి 45 శాతం తగ్గిస్తామని లక్ష్యాన్ని పెంచిందనీ వరుసగా రాసుకుంటూ పోతే అది చరిత్ర అవుతుంది. దానిలో పరిశోధన ప్రశ్న ఎక్కడుంది? విధాన పరిశోధకుడు అడగవలసినది ఏమిటంటే, ఫలానా నిర్ణయం ఫలానా రూపంలోనే ఎందుకు వచ్చింది, దాని కోసం కేటాయించిన డబ్బు నిజంగా ఎక్కడికి చేరింది, ఎవరు లెక్కలోకి వచ్చారు, ఎవరు రాలేదు అన్నవి.

ఇందుకు ఒడిశా నిజంగా సారవంతమైన నేల. 1999 అక్టోబరు 29న తీరం దాటిన సూపర్ సైక్లోన్‌లో దాదాపు 10,000 మంది మరణించారు. అంతకు పన్నెండు రోజుల ముందే గోపాలపురం దగ్గర మరో తుఫాను తీరం దాటి గంజాం జిల్లాను దెబ్బతీసిందన్న సంగతి బయటివారు మరచిపోయినా మనవారు మరచిపోలేదు. ఆ విపత్తు తరువాత రాష్ట్రం విపత్తు నిర్వహణకు ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసుకుంది, తీరమంతా తుఫాను ఆశ్రయ భవనాలు కట్టింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గంటకు 200 కిలోమీటర్లకు పైగా వేగంతో గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు, ముందుగానే సుమారు 10 లక్షల మందిని తరలించడం వల్ల ప్రాణనష్టం కొన్ని పదులకు పరిమితమైంది. పద్నాలుగేళ్లలో ఒక ప్రభుత్వ వ్యవస్థ ఇంతగా ఎలా మారింది అన్నది ప్రపంచమంతా అడుగుతున్న విధాన ప్రశ్న. దాని జవాబులో చాలా భాగం గంజాం జిల్లా పంచాయతీలలో, పాత ఉద్యోగుల జ్ఞాపకాలలో, బ్లాకు కార్యాలయాల ఫైళ్లలో ఉంది.

వడగాడ్పుల విషయం కూడా అలాంటిదే. 1998 వేసవిలో ఒడిశాలో 2,000 మందికి పైగా ఎండదెబ్బకు మరణించారు. అహ్మదాబాదు నగరం 2013లో తెచ్చిన వేసవి కార్యాచరణ ప్రణాళికకు వచ్చినంత పేరు, అంతకు ఎంతో ముందు నుంచి ఒడిశా చేస్తున్న ప్రయత్నాలకు రాలేదు. గంజాం నుంచి వేల మంది సూరత్ మగ్గాలకు వలసపోతారు. వేడికి వారు పడే బాధ ఏ రాష్ట్రపు లెక్కలోకి వస్తుందన్న ప్రశ్నను నిజాయితీగా చేపట్టిన విద్యార్థికి మూడేళ్ల పని దొరుకుతుంది. ఒడిశా ప్రభుత్వం 2020–21 నుంచి క్లైమేట్ బడ్జెట్ పత్రాన్ని విడిగా ప్రచురిస్తోంది. ఏ శాఖ ఖర్చులో ఎంత భాగం వాతావరణ మార్పుకు సంబంధించినదిగా చూపారో అందులో ఉంటుంది. ఆ పత్రంలోని అంకెను పట్టుకుని ఒక పంచాయతీ వరకు వెంబడించి చూస్తే తెలిసే విషయాలు, వంద పేజీల సిద్ధాంత చర్చలో తెలియవు. సమాచార హక్కు చట్టం 2005 ఈ పనిలో మీకు ముఖ్యమైన పనిముట్టు. దరఖాస్తు రాయడం, అప్పీలు చేయడం, ఆలస్యాన్ని ముందే లెక్కలో పెట్టుకోవడం మొదటి ఏడాదిలోనే అలవాటు చేసుకోవాలి.

న్యాయశాస్త్రం చదివినవారికి ఇక్కడ కొత్త ద్వారం కూడా తెరుచుకుంది. బట్టమేక పక్షి కేసులో సుప్రీంకోర్టు 2024లో ఇచ్చిన తీర్పు, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కును రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలలో చూసింది. ఆ హక్కు సముద్రం మింగిన ఊరికి ఎలా వర్తిస్తుందో ఆలోచించే న్యాయ విద్యార్థి ఒక్కరైనా మన జిల్లాల నుంచి రావాలని నా కోరిక.

విధాన మార్గంలో ఉన్న ప్రమాదం, మార్గదర్శి దొరకకపోవడం. అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం, ప్రభుత్వ పాలన విభాగాలలో వాతావరణ విధానంపై లోతైన అనుభవం ఉన్న గైడ్లు తక్కువ. ఐఐటీ బొంబాయిలో వాతావరణ అధ్యయనాల కేంద్రం ఉంది, ముంబైలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థలోనూ ఈ రంగంలో పని జరుగుతోంది. దగ్గర్లోని విశ్వవిద్యాలయంలో చేయదలచుకుంటే, అర్థశాస్త్ర గైడుతోపాటు శాస్త్ర విభాగం నుంచి సహ గైడు ఉండేలా చూసుకోవడం మంచిది.

మధ్య మార్గం: ప్రభావాలు, అనుకూలనం

మన సరిహద్దు జిల్లాల విద్యార్థులకు నేను ఎక్కువగా సూచించేది రెండవ బృందపు మార్గాన్నే, అంటే మార్పు ప్రభావాలను, దానికి తగినట్టు సర్దుకునే అనుకూలనాన్ని చదవడాన్నే. దీనికి కారణం అభిమానం ఒక్కటే కాదు. ఈ మార్గంలో మనకు పుట్టుకతో వచ్చిన రెండు ఆస్తులు పనికి వస్తాయి. ఒకటి మనకు వచ్చిన రెండు మూడు భాషలు, రెండవది సరిహద్దు.

భాష విలువ నాకు ఒక సర్వేలో తెలిసివచ్చింది. గంజాం తీరంలోని ఒక మత్స్యకార గ్రామంలో ప్రశ్నావళి పట్టుకుని వెళ్లిన బృందంలో నేనూ ఉన్నాను. ఇంగ్లీషులో తయారైన ప్రశ్నావళిని ఒడియాలోకి మార్చారు, అందులో మొదటి ప్రశ్న “జలవాయు పరివర్తన (వాతావరణ మార్పు) గురించి మీకు తెలుసా?” అని. ఇంట్లో తెలుగే మాట్లాడే ఆ ఊరి పెద్దలు చాలామంది తెలియదన్నారు, మేము ఆ గడిలో టిక్కు పెట్టుకుని ముందుకు పోయాము. సాయంత్రం పని ముగిశాక నేను ఒక పెద్దాయన పక్కన కూర్చుని, “తాతా, మీ చిన్నప్పుడు ఈ నెలలో పడే చేప ఇప్పుడూ పడుతోందా? పడవ ఆనించే ఇసుక అప్పుడెంత ఉండేది?” అని మన భాషలో అడిగాను. ఆయన గంటసేపు మాట్లాడారు. ఏ చేప ఏ నెల నుంచి ఏ నెలకు జరిగింది, ఇసుక ఎంత తరిగింది, ఊరి గుడి ఇదివరకు ఎంత లోపలికి ఉండేది అన్నీ చెప్పారు. మా ప్రశ్నావళి ప్రకారం ఆయన “వాతావరణ మార్పుపై అవగాహన లేని వ్యక్తి”. ఆ పట్టికను నివేదికలో అలాగే ప్రచురించారు, అభ్యంతరం చెప్పే వయసూ హోదా అప్పుడు నాకు లేకపోయాయి. ఇప్పటికీ ఆ పట్టిక తలచుకుంటే బాధ కలుగుతుంది. మీరు ఆ తప్పు చేయకుండా ఉండగల స్థితిలో ఉన్నారు.

గంజాం తీరంలో ఋషికుల్య నది ముఖద్వారం దగ్గరి పోదంపేట వంటి గ్రామాలు సముద్రపు కోతకు ఇళ్లను కోల్పోయాయి, ప్రజలు లోపలికి తరలిపోయారు. దేశ తీరరేఖలో సుమారు మూడవ వంతు కోతకు గురవుతోందని జాతీయ తీరప్రాంత పరిశోధన కేంద్రం అధ్యయనాలు చూపించాయి. ఇక్కడ ప్రభావాల పరిశోధకుడు వేయవలసిన ప్రశ్న చాలా సున్నితమైనది: ఈ కోతలో సముద్రమట్టం పెరగడం వాటా ఎంత, నది ముఖద్వారం దానంతటదే జరగడం వాటా ఎంత, రేవులు, రాతి గోడలు వంటి కట్టడాల వాటా ఎంత? అన్నింటినీ వాతావరణ మార్పు ఖాతాలో వేసేస్తే శాస్త్రం దెబ్బతింటుంది, అసలు బాధ్యులూ తప్పించుకుంటారు. 2022లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్ వాతావరణ సదస్సులో, వాతావరణ మార్పు వల్ల నష్టపోయిన దేశాలకు సాయపడే నిధికి అంగీకారం కుదిరిన తరువాత ఇలా వాటాలు తేల్చే పరిశోధనకు విలువ మరింత పెరిగింది. ఉపగ్రహ చిత్రాలతో తీరరేఖను కొలవడం, ఊరి పెద్దల జ్ఞాపకాన్ని నమోదు చేయడం, ఈ రెంటినీ ఒకదానితో ఒకటి సరిచూడడం, ఇవన్నీ ఒకే విద్యార్థి చేయగల పనులు.

అదే ఋషికుల్య తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు సామూహికంగా గుడ్లు పెడతాయి. ఇసుక ఉష్ణోగ్రతను బట్టి పిల్ల ఆడదా మగదా అన్నది నిర్ణయమవుతుంది, వేడి పెరిగితే ఆడపిల్లల నిష్పత్తి పెరుగుతుంది. జీవశాస్త్రం చదివినవారికి ఇంతకన్నా స్పష్టమైన ప్రశ్న అరుదుగా దొరుకుతుంది. చిలికా సరస్సు 1981 నుంచి రామ్‌సర్ ప్రదేశం, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యత గల చిత్తడి నేల. 2000లో కొత్త ముఖద్వారం తవ్విన తరువాత అక్కడి ఉప్పదనం, చేపల దిగుబడి మారాయి. అక్కడ వాతావరణ ప్రభావాన్ని చదవాలంటే ముందు ఆ మానవ జోక్యాన్ని వేరు చేయాలి. గంజాం మొగలి తోటలు, వాటి మీద ఆధారపడిన అత్తరు బట్టీలు కూడా ఎవరైనా శ్రద్ధగా చూడవలసిన విషయమే.

ఎగువ జిల్లాలకు వస్తే, కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ ప్రాముఖ్యత గల వారసత్వంగా గుర్తించింది. 2017లో మొదలైన ఒడిశా మిల్లెట్ మిషన్ తొలి ఏడు జిల్లాలలో కోరాపుట్, రాయగడ, గజపతి ఉన్నాయి. మనం చోళ్లు (రాగులు) అనే పంటను అక్కడ మండియా అంటారు. వర్షం ఆలస్యమైనప్పుడు చోళ్లు నిలబడినంతగా వరి నిలబడదని రైతులకు తెలుసు. ప్రభుత్వ కొనుగోలు వచ్చాక ఆ పంట విస్తీర్ణం పెరిగిందంటే అది వాతావరణానికి అనుకూలనమా, ధరకు స్పందనా అని తేల్చడం పరిశోధకుడి పని. జయపురంలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థకు కేంద్రం ఉంది, అక్కడి అనుభవజ్ఞులను కలవడంతో పని మొదలుపెట్టవచ్చు. సవర, కువి భాషలు మాట్లాడే ఊళ్లలో పనిచేయదలచుకుంటే ఆ భాష వచ్చిన సహాయకులను సహ పరిశోధకులుగా గౌరవించి, వారి పేరు, వారి వేతనం ముందే ప్రణాళికలో రాసుకోవాలని నా ప్రత్యేక మనవి.

ఇక సరిహద్దు సంగతి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు కూలిపోయాయి. గజపతి జిల్లా కొండల్లో కుండపోత వానకు కొండచరియలు విరిగిపడి, బారఘరా గ్రామస్థులు తలదాచుకున్న చోటే ప్రాణాలు కోల్పోయారు. ఒకే తుఫాను, ఒకే రోజు, ఒకే రకమైన కుటుంబాలు, కాని రెండు రాష్ట్రాల హెచ్చరిక వ్యవస్థలు, రెండు పరిహార విధానాలు, రెండు భాషల రేడియో. సామాజిక శాస్త్రవేత్తలు ఇలాంటి సందర్భం కోసం వెతుకుతుంటారు, ఎందుకంటే ప్రకృతి ఒకే తీరుగా దెబ్బకొట్టినప్పుడు మిగిలిన తేడాలకు కారణం పాలనలో వెతకవచ్చు. ఈ పోలిక పూర్తిగా సమం కాదని కూడా తెలుసుకోవాలి. తీరమైదానపు గాలి దెబ్బ వేరు, కొండ వాన దెబ్బ వేరు. కనుక గ్రామాలను ఎంచుకునేటప్పుడు ఎత్తు, తీరం నుంచి దూరం, వర్షపాతం సరిపోలేలా చూసుకోవాలి. మందసా వైపు కొండ ఊళ్లను గజపతి కొండ ఊళ్లతో పోల్చడం సమంజసం, పలాస పట్టణాన్ని మోహన వంటి ఎగువ ప్రాంతంతో పోల్చడం సమంజసం కాదు. ఇలాంటి పోలికను ఢిల్లీ నుంచి వచ్చిన పరిశోధకుడు చేయాలంటే ఇద్దరు దుభాషీలు కావాలి, ఇచ్ఛాపురంలో చుట్టాలున్న బరంపురం విద్యార్థికి ఎవరూ అక్కరలేదు.

వంశధార కూడా ఇటువంటిదే. ఒడిశాలో పుట్టి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే ఈ నది నీటి వివాదంపై 2010లో ట్రిబ్యునల్ ఏర్పడి 2017లో తీర్పు ఇచ్చింది. నీటి పంపకాల లెక్కలు గత కాలపు ప్రవాహాల మీద ఆధారపడతాయి. వాన పడే తీరే మారుతుంటే ఆ లెక్కలు ఎంతకాలం నిలుస్తాయన్న ప్రశ్నకు జలశాస్త్రమూ విధానమూ రెండూ కావాలి. మధ్య మార్గంలో ఉన్నవారికే ఇది అందుతుంది.

ఈ మార్గానికి ఉన్న లోపం కూడా చెప్పాలి. అన్నీ కొంచెం కొంచెం తెలిసి, ఏదీ లోతుగా రాని పరిశోధకులను తయారుచేసే ప్రమాదం ఇక్కడే ఎక్కువ. అందువల్ల ఒక సాంకేతిక నైపుణ్యాన్ని గట్టిగా పట్టుకోవలసిందే. అది ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ కావచ్చు, సంఖ్యాశాస్త్రం కావచ్చు, పంట నమూనాలు కావచ్చు, మౌఖిక చరిత్ర నమోదు కావచ్చు. ఉద్యోగం వచ్చేటప్పుడు అడిగేది దాని గురించే.

చోటు, గైడు, డబ్బు

ప్రభావాల అధ్యయనానికి దగ్గరి చోట్లు బాగానే సరిపోతాయి. 1967లో ఏర్పడిన బరంపురం విశ్వవిద్యాలయంలో సముద్ర విజ్ఞాన విభాగం ఉంది, 2016లో బరంపురంలో ఐసర్ (భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ) వచ్చింది, కోరాపుట్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. దూరపు పెద్ద సంస్థ పేరు చూసి, క్షేత్రం ఇక్కడ పెట్టుకుని అక్కడ చేరితే, ప్రయాణాలకే ఫెలోషిప్పు కరిగిపోతుంది. అదే భౌతిక విజ్ఞానానికి ఇంటి దగ్గర ఉండాలని పట్టుబడితే కంప్యూటరు సామర్థ్యం చాలక మూడో ఏట ఇబ్బంది వస్తుంది.

జేఆర్ఎఫ్ (జూనియర్ పరిశోధన ఫెలోషిప్పు) 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తరువాత సీనియర్ ఫెలోకు 42,000 రూపాయలు. భౌతిక విజ్ఞానం వైపు వెళ్లేవారు ఈ ఫెలోషిప్పుకు అర్హత పరీక్ష అయిన సీఎస్ఐఆర్ నెట్‌లో భూమి, వాతావరణ, సముద్ర విజ్ఞానాల పరీక్ష రాస్తారు, మిగిలినవారికి యూజీసీ నెట్‌లో పర్యావరణ శాస్త్రం, అర్థశాస్త్రం వంటి సబ్జెక్టులు ఉన్నాయి. పిహెచ్‌డికి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. క్షేత్ర పరిశోధన చేసేవారు ఒక తుఫాను కాలం, ఒక పంట కాలం చేజారితే ఏడాది పోతుందని ఇంట్లో ముందే చెప్పి ఉంచాలి. తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియకపోవడం వల్ల మధ్యలో మానేసిన ఆడపిల్లలను నేను చూశాను. వారిలో ఒకరి క్షేత్ర పుస్తకాలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి, అంత మంచి నమోదు నేను మళ్లీ చూడలేదు.

గైడును ఎంచుకునేటప్పుడు ఆయన పేరున్న పత్రాల సంఖ్యకంటే, ఆయన విద్యార్థులు ఎన్నేళ్లలో ముగించారు, డేటాను విద్యార్థి పేరు మీద ఉంచారా అన్నవి అడగండి. ప్రస్తుత విద్యార్థులతో ఒక సాయంత్రం మాట్లాడితే ఇవి తెలుస్తాయి.

ఇంకా తేల్చుకోలేకపోతే ఒక నెల రోజులు ఈ మూడు పనులనూ చేసి చూడండి. మొదటి వారం వాతావరణ శాఖ వర్షపాత డేటా దించుకుని మీ జిల్లా గడులను విడదీసి, 1999, 2013, 2018 అక్టోబరు నెలల వర్షాన్ని 1991–2020 సగటుతో పోల్చి పటం గీయండి. రెండవ వారం క్లైమేట్ బడ్జెట్‌లో ఒక పద్దును తీసుకుని, అది మీ బ్లాకుకు చేరిందో లేదో కార్యాలయానికి వెళ్లి అడగండి. మూడవ వారం ఒక తీర గ్రామంలోనో, కొండ గ్రామంలోనో ముగ్గురు పెద్దలతో వారి భాషలో మాట్లాడి, వారు చెప్పినది వారి మాటల్లోనే రాసుకోండి. నాలుగవ వారం ఏ పనినీ మీమీద బలవంతంగా పెట్టుకోకండి. ఆ వారంలో మీ చేయి తనంతట తానే ఏ నోటుపుస్తకాన్ని తెరిచిందో గమనించి, సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) మొదటి పేజీని ఆ పుస్తకంలోని ఒక ప్రశ్నతో రాసి గైడు దగ్గరకు తీసుకువెళ్లండి.